బాంబు పేలినా స్ట్రోకు స్ట్రోకే

హైదరాబాదు

ప్రియమైన బావకు,

అక్కయ్య మోకాలి నొప్పి తగ్గిందని మీ అమ్మాయి ఫోనులో చెబితే ఇంట్లో అందరం సంతోషించాం. మనవడి ముచ్చట్లు వేరే ఉత్తరంలో తీరిగ్గా రాయి. ఇది మాత్రం పూర్తిగా క్లబ్బు ఉత్తరం.

నువ్వు ఎడిన్‌బరో వెళ్ళాక పోటీల కమిటీ పని నాకు అప్పగించారు. మొదట నా చేతికొచ్చింది నోటీసు బోర్డు మీది లోకల్ రూల్స్ కాగితం, మన కోర్సుకు మాత్రమే వర్తించే రూల్స్‌ది. ఎప్పుడో టైపు చేయించినది, అంచులు పసుపెక్కిపోయాయి. 2019లో గోల్ఫ్ రూల్స్ పుస్తకమే తిరగరాశారు కదా. ముప్ఫై నాలుగు రూల్స్ ఇరవై నాలుగయ్యాయి. బంతి వెతకడానికి అయిదు నిమిషాల బదులు మూడే నిమిషాలు. బంతిని చేతి నుంచి నేల మీదికి వదలడం, అంటే డ్రాప్, భుజం ఎత్తు నుంచి కాదు, మోకాలి ఎత్తు నుంచి. మన కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని కొత్తగా రాయాలి. దసరా తర్వాత జరిగే క్లబ్ ఛాంపియన్‌షిప్‌కి అది బోర్డు మీద ఉండాలి.

మొదటి మీటింగులోనే ఒక పెద్దమనిషి వేరే రాష్ట్రంలోని ఒక రిసార్టు కోర్సు స్కోరు కార్డు తెచ్చి బల్ల మీద పెట్టారు. వెనకవైపు ఇరవై దాకా లోకల్ రూల్స్. "చక్కగా ఉన్నాయి, హోల్ నంబర్లు మార్చి వాడేసుకుందాం" అన్నారు. మిగతావాళ్ళూ తలలూపారు. నేను ఒప్పుకోలేదు. అది పక్కింటివాళ్ళ మందుల చీటీతో మన జబ్బుకు మందు కొనుక్కోవడమే. వాళ్ళ కోర్సులో సరస్సు ఉంది, రోడ్డు ఉంది, కొబ్బరిచెట్లకు కట్టిన తీగలున్నాయి. మనకున్నవి బండలు, పుట్టలు, వానాకాలం బురద.

ఇలా ఎత్తిరాయడం గోల్ఫ్ పుట్టిన చోటే జరిగింది బావా, అదీ నువ్విప్పుడున్న ఊరి నుంచే. 1744లో ఎడిన్‌బరో నగరం ఒక వెండి క్లబ్బును బహుమతిగా పెట్టి లీత్ మైదానంలో పోటీ నడిపించింది. ఆ పోటీ కోసం అక్కడి ఆటగాళ్ళు పదమూడు రూల్స్ రాసుకున్నారు. మనకు దొరికిన గోల్ఫ్ రూల్స్‌లో అవే మొదటివి. వాటిలో చివరిది అచ్చమైన లోకల్ రూల్. మైదానం కాపాడటానికి తవ్విన కాలువలు, కట్టిన కట్టలు, లీత్ జనం 'స్కాలర్స్ హోల్స్', 'సోల్జర్స్ లైన్స్' అని పిలుచుకునే చోట్లు, వీటిలో పడ్డ బంతిని బయటికి తీసి, టీ మీద పెట్టి, ఏదైనా ఇనప క్లబ్బుతో కొట్టవచ్చునని అందులో ఉంది. పదేళ్ళ తర్వాత, 1754లో, సెయింట్ ఆండ్రూస్ వాళ్ళు తమ సంఘం పెట్టుకుని ఈ రూల్స్‌నే దాదాపు మాటకు మాట ఎక్కించుకున్నారు. లీత్ నేలకు చెందిన ఆ స్కాలర్స్ హోల్స్, సోల్జర్స్ లైన్స్ కూడా వాళ్ళ కాగితంలోకి వచ్చేశాయి. ఫోర్త్ సముద్రపాయకు ఆవలి ఊళ్ళో ఆడేవాడికి వాటితో ఏం పని?

ఇంకో సంగతి, ఇది మన కమిటీకి మరీ అవసరమైనది. లీత్ వాళ్ళే ఆ పదమూడో రూల్‌తో వేగలేకపోయారు. తరచూ తగవులొస్తున్నాయని 1758లో దాన్ని సవరించారు. ఉచితంగా బంతి తీసుకునే హక్కు స్కాలర్స్ హోల్స్‌కు మాత్రమే మిగిల్చి, మిగతా అన్నిచోట్లా బంతి ఎక్కడుంటే అక్కడే కొట్టాలన్నారు. నీటిలోనో మురికిలోనో సగమైనా మునిగితే తీసుకోవచ్చు గానీ ఒక స్ట్రోకు కట్టాలి. మినహాయింపులు రాసిన పద్నాలుగేళ్ళకే వాటిని కుదించుకున్నారన్నమాట. మనవాళ్ళేమో ఇరవై మినహాయింపులతో మొదలుపెడదామంటున్నారు.

నువ్వు లీత్ లింక్స్‌కి వెళ్ళే ఉంటావు. ఇప్పుడది పార్కు, గోల్ఫ్ లేదు. అక్కడ జాన్ రాట్రే విగ్రహం పెట్టారు. మొదటి పోటీ గెలిచింది ఆయనే. వైద్యుడు. మరుసటి ఏడు కూడా గెలిచి, ఆ తర్వాత రాజకుమారుడు చార్లెస్ తిరుగుబాటు సైన్యంలో వైద్యుడిగా వెళ్ళి, 1746లో కల్లోడెన్ ఓటమి తర్వాత పట్టుబడ్డాడు. ఉరికంబం ఎక్కవలసినవాణ్ణి, లీత్‌లో తనతో గోల్ఫ్ ఆడిన న్యాయాధిపతి డంకన్ ఫోర్బ్స్ మాట సాయం చేసి బతికించాడంటారు. రాట్రే మళ్ళీ వచ్చి 1751లో ఆ వెండి క్లబ్బును ఇంకోసారి గెలిచాడు. విషయం దారి తప్పింది గానీ, రాట్రే పేరు వచ్చినప్పుడు ఇది చెప్పకుండా ఉండలేను.

లోకల్ రూల్ ఎలా రాయాలో నాకు నేర్పింది మాత్రం ఇంకో కాగితం. 1940లో లండన్ పక్కనున్న రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్ రాసుకున్న తాత్కాలిక రూల్స్. మీటింగులో పైకి చదివి వినిపించాను. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆకాశం నుంచి జర్మన్ బాంబులు పడుతున్న రోజుల్లో, క్లబ్బు సెక్రటరీ కూర్చుని ఏడు అంశాలు రాశాడు. ఏ అంశంలోనూ ఒక్క మాట ఎక్కువ లేదు.

గడ్డి కోసే యంత్రాలు పాడవకుండా బాంబు ముక్కలు ఏరివేయమని ఆటగాళ్ళను కోరాడు. పోటీ జరుగుతుండగా కాల్పులు మొదలైనా బాంబులు పడుతున్నా ఆట ఆపి దాక్కోవచ్చు, పెనాల్టీ లేదు. పేలకుండా నేలలో ఉండిపోయిన టైం బాంబుల చోట్లు ఎర్రజెండాలతో గుర్తు పెట్టారు. జెండా ఉన్న దూరం కొంతవరకు సురక్షితమే గానీ హామీ ఇవ్వలేమని కూడా రాశాడు. ఫెయిర్‌వే మీదో బంకర్‌లోనో బంతికి ఒక క్లబ్బు పొడవు లోపల ఉన్న బాంబు ముక్కను తీసెయ్యవచ్చు. తీస్తుంటే పొరపాటున బంతి కదిలినా పెనాల్టీ లేదు. శత్రువు చర్యవల్ల బంతి కదిలితే తిరిగి దాని చోట పెట్టుకోవచ్చు. పోయినా నాశనమైనా, హోల్‌కి దగ్గర కాకుండా ఇంకోటి డ్రాప్ చేయవచ్చు. బాంబు గోతిలో పడ్డ బంతికీ అదే వెసులుబాటు.

ఇక ఏడోది. సరిగ్గా స్ట్రోకు కొడుతున్న క్షణంలోనే బాంబు పేలి ఆ స్ట్రోకు చెడితే, అదే చోటు నుంచి ఇంకో బంతి కొట్టుకోవచ్చు. పెనాల్టీ, ఒక స్ట్రోకు.

ఈ ఏడో అంశం దగ్గరే అందరూ నవ్వుతారు. నా దృష్టిలో మొత్తం కాగితానికి ప్రాణం అదే. అంతకుముందు ఇచ్చిన మినహాయింపులు నేలకు జరిగిన నష్టాన్ని మాఫీ చేస్తాయి. గొయ్యి ఆటగాడు తవ్వలేదు, ముక్క వాడు వెయ్యలేదు, బంతిని వాడు పోగొట్టలేదు. కానీ స్ట్రోకు వాడిది. చెవి పక్కనే బాంబు పేలినా కొట్టిన చెయ్యి వాడిదే. కాబట్టి ఇంకో అవకాశం ఇస్తూనే దాని ధర కట్టమన్నారు. నేల చేసినదాన్ని మన్నించు, చెయ్యి చేసినదాన్ని లెక్కలో రాసుకో. మన కాగితంలో ప్రతి వాక్యాన్నీ నేను ఈ గీటురాయి మీదే పరీక్షిస్తున్నాను.

రూల్స్ పుస్తకం కూడా కమిటీకి ఇంతే అధికారం ఇచ్చింది. నేల తీరు మామూలుగా లేకపోతే, అపాయం ఉంటే, కోర్సును కాపాడుకోవాలంటే, ఇలాంటి అవసరాలకు లోకల్ రూల్ పెట్టుకోవచ్చు. ఫలానా రూల్ మాకు నచ్చలేదు అని మార్చే హక్కు ఏ క్లబ్బుకూ లేదు. నమూనా లోకల్ రూల్స్ కూడా పుస్తకంలోనే ఉన్నాయి, వీలైనంతవరకు ఆ మాటలనే వాడుకోమన్నారు. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. కమిటీ అంటే శాసనసభ అనుకుంటారు.

బండల దగ్గర పెద్ద వాదనే అయింది. ఏడో హోల్ ఎడమవైపు రాళ్ళగుట్ట నీకు తెలుసుగా. బండ పక్కన పడ్డ బంతికి ఉచితంగా డ్రాప్ ఇవ్వాలని నలుగురు పట్టుబట్టారు. క్లబ్బులు విరుగుతున్నాయట, మణికట్టు బెణుకుతోందట. నేను వద్దన్నాను. విడిగా ఉన్న రాయి అయితే లూజ్ ఇంపెడిమెంటే, దాన్ని తీసెయ్యడానికి లోకల్ రూల్ అక్కర్లేదు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ బంతికి అడ్డంగా ఉన్న పెద్ద బండను, భూమిలో పాతుకుని లేదని అధికారి తేల్చాక, ప్రేక్షకులే చేతులేసి దొర్లించారు. పాతుకున్న బండ మాత్రం ఈ నేల సొంతం. దక్కన్‌లో కోర్సు కట్టుకుని బండకు మినహాయింపు అడిగితే ఇక ఇక్కడ ఆడటం దేనికి? సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు పదిహేడో గ్రీన్ వెనక రోడ్డు ఉంది. తారు రోడ్డు మీద బంతి పడినా అక్కడి నుంచే కొట్టాలి, ఉచిత డ్రాప్ లేదు. ఎక్కడి నుంచో వచ్చిన ఛాంపియన్లు కూడా ఆ రోడ్డు మీద నుంచే కొట్టారు. రోడ్డుకే లేని దయ మన గుట్టకెందుకు? బంతి కొట్టలేని చోట పడితే పుస్తకంలోనే దారి ఉంది, ఒక స్ట్రోకు పెనాల్టీతో అన్‌ప్లేయబుల్ తీసుకోవాలి. ఓటింగులో నెగ్గాను, కష్టంగానే.

పుట్టల విషయంలో మాత్రం నా పక్షం మారింది. పన్నెండో ఫెయిర్‌వే అంచున వేపచెట్టు కింద ఉన్న పుట్ట గుర్తుందా? ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. చెదలు కట్టిన గట్టి పుట్ట లూజ్ ఇంపెడిమెంటు కాదు, చేత్తో తోసెయ్యలేం. పుస్తకం ప్రకారం జంతువు తవ్విన బొరియకు ఉచిత డ్రాప్ ఉంది గానీ, పురుగులు చేసిన బొరియలకు లేదు. చెదపురుగు ఆ రెండో జాబితాలోకే వస్తుంది. ఇక పాము బయట కనబడితే సమస్యే లేదు. విషసర్పాలు, తేనెటీగల వంటి ప్రమాదకరమైన జంతువుల దగ్గర ఆడనక్కర్లేదు, పెనాల్టీ లేకుండా పక్కకు తీసుకోవచ్చు. అదే రూల్ నాగజెముడు ముళ్ళకు మాత్రం వర్తించదని స్పష్టంగా ఉంది. మరి పాము కనబడని పుట్ట? లోపల ఉందో లేదో క్యాడీ కుర్రవాణ్ణి కర్రపెట్టి చూడమనడం మహాపాపం. అలాంటిది మన కోర్సులో జరగనివ్వను.

పోనీ తవ్వించేద్దామా అంటే మాలీలు ఒప్పుకోరు. నాగులచవితినాడు వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి ఆ పుట్టలోనే పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి పెట్టి వెళతారు. కోర్సు రాకముందు నుంచీ ఉన్న అలవాటు అది. దాన్ని తీసెయ్యమని అడిగే హక్కు మనకు లేదని నేను మీటింగులో గట్టిగానే చెప్పాను. దారి రూల్స్‌లోనే దొరికింది. పుట్ట చుట్టూ గుంజలు పాతి, మరమ్మతులో ఉన్న నేలగా, అందులోనూ 'నో ప్లే జోన్'గా ప్రకటిస్తే చాలు. లోపల పడ్డ బంతిని అక్కడి నుంచి కొట్టకూడదు. పెనాల్టీ లేకుండా, హోల్‌కి దగ్గర కాకుండా, అడ్డులేని దగ్గరి చోటు చూసుకుని అక్కడి నుంచి ఒక క్లబ్బు పొడవు లోపల డ్రాప్ చేసి తీరాలి. పుట్టకు కాపుదల, ఆటగాడికి న్యాయం, క్యాడీకి భద్రత. మొత్తం ముసాయిదాలో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే.

కోతులూ కుక్కలూ బంతి ఎత్తుకుపోవడం గురించి కొత్తగా రాయనక్కర్లేదు. ఆగి ఉన్న బంతిని జంతువు కదిలిస్తే తిరిగి దాని చోట పెట్టుకోవాలని పుస్తకమే చెబుతోంది. టై అయితే చివరి తొమ్మిది హోల్స్, ఆ తర్వాత ఆరు, మూడు, ఒకటి, ఇలా లెక్క చూడటం పాత పద్ధతే. అవి ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను.

రాసినంత మాత్రాన సరిపోదు, ఆటగాడి కంట పడాలి. నీకు 2010 పీజీఏ ఛాంపియన్‌షిప్ గుర్తుండే ఉంటుంది, విస్లింగ్ స్ట్రెయిట్స్‌లో. చివరి హోల్ దగ్గరికి వచ్చేసరికి డస్టిన్ జాన్సన్ ఒక స్ట్రోకు ముందున్నాడు. టీ షాట్ కుడివైపు జనంలోకి పోయింది. బంతి ఇసుక మీద ఉంది, చుట్టూ జనం తొక్కేసిన నేల. అది బంకర్ అనిపించక క్లబ్బును నేలకు ఆనించాడు, బంకర్‌లో అది కూడదు. రెండు స్ట్రోకుల పెనాల్టీ. ప్లేఆఫ్‌లో ఉండవలసినవాడు అయిదో స్థానానికి పోయాడు, కప్పు మార్టిన్ కైమర్‌కు దక్కింది. ఆ కోర్సులో ఇసుక గుంటలు వందల్లో ఉన్నాయి. జనం నిలబడ్డా, అడుగుజాడలు పడ్డా, బంకర్‌గా కట్టిన ప్రతి ఇసుక చోటూ బంకరేనని లోకల్ రూల్స్ కాగితంలో రాసి, లాకర్ గదిలో అంటించారు కూడా. రెండేళ్ళకు అదే పోటీ కియావా ఐలండ్‌లో జరిగితే అక్కడ సరిగ్గా ఉల్టా: ఏ ఇసుకా బంకర్ కాదు, ఎక్కడైనా క్లబ్బు ఆనించుకోవచ్చు. ఒకే పోటీ, రెండు నేలలు, రెండు రూల్స్. రెండూ సరైనవే. జాన్సన్‌కు అన్యాయం జరిగిందని నువ్వు చాలాకాలం వాదించావు. రూల్ న్యాయమైనదే బావా. బంకర్‌లో జనాన్ని నిలబడనిచ్చిన ఏర్పాటే బాగాలేదు.

ఆ జాన్సన్‌కే 2016 యూఎస్ ఓపెన్‌లో ఓక్‌మాంట్ గ్రీన్ మీద ఇంకోటి జరిగింది. పట్ కొట్టబోతుంటే బంతి కొద్దిగా కదిలింది. మొదట పరవాలేదన్నారు, ఆట మధ్యలో మళ్ళీ చూస్తామన్నారు, ఆట అయ్యాక ఒక స్ట్రోకు వేశారు. అయినా మూడు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ గొడవ తర్వాత 2017 జనవరి 1 నుంచి ఒక లోకల్ రూల్ వచ్చింది, గ్రీన్ మీద పొరపాటున బంతి కదిలితే పెనాల్టీ లేదని. 2019లో అదే లోకమంతటికీ అసలు రూల్ అయింది. రిచ్‌మండ్ వాళ్ళు 1940లో బాంబు ముక్క తీస్తుంటే కదిలిన బంతికి ఇచ్చిన మన్నింపే ఇది. పొరపాటున కదలడం స్ట్రోకు కాదు. ఏ మూలనో ఒక క్లబ్బు శ్రద్ధగా ఆలోచించి రాసిన మాట ఎంతకాలం నిలుస్తుందో చూడు.

వానాకాలం 'ప్రిఫర్డ్ లై' గురించి నేను కఠినంగా ఉన్నాను. బురద ఫెయిర్‌వే మీద బంతిని ఎత్తి, తుడిచి, ఆరు అంగుళాల లోపల పెట్టుకోవచ్చు, హోల్‌కి దగ్గర కాకుండా. రఫ్‌లో లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది కాగితం మీద ఉండి తీరాలి. తేదీ లేకపోవడం వల్లే మన క్లబ్బులో సంక్రాంతికి కూడా బంతిని చేత్తో సర్దుకుంటున్నారు. ఎండిన నేల మీద బంతిని ముట్టుకోవడం అలవాటైన కుర్రాడు బయటి పోటీకి వెళ్ళి మొదటి హోల్‌లోనే పెనాల్టీ తింటాడు. అది వాడి తప్పు కాదు, కమిటీది.

ఒక్క అంశం దగ్గరే తేల్చుకోలేక నీకు రాస్తున్నాను. బంతి పోయినా, అవుట్ ఆఫ్ బౌండ్స్ వెళ్ళినా వెనక్కి వెళ్ళి కొట్టే బదులు, రెండు స్ట్రోకుల పెనాల్టీతో ముందే, ఫెయిర్‌వే వైపు డ్రాప్ చేసుకునే నమూనా లోకల్ రూల్ ఒకటి 2019 నుంచి ఉంది. ఆదివారం ఆటలకు అది వరం. పదో టీ దగ్గర నాలుగు గ్రూపులు ఆగిపోయే బాధ తప్పుతుంది. ధర కూడా కట్టిస్తోంది కాబట్టి నా గీటురాయికి నిలుస్తుంది. కానీ మేటి ఆటగాళ్ళ పోటీలకు అది తగదని పుస్తకమే సలహా ఇస్తోంది. ఛాంపియన్‌షిప్‌కి ముందుజాగ్రత్తగా టీ నుంచే రెండో బంతి, అంటే ప్రొవిజనల్ బంతి, కొట్టించడమే సరి అని నా మనసు. కమిటీలో సగంమంది రెండింటికీ ఒకటే రూల్ ఉంటే గందరగోళం ఉండదంటున్నారు. వాళ్ళ మాటలోనూ బలం ఉంది. ఆ పదో హోల్ గోడ అవతలికి నీ అంత తరచుగా బంతి కొట్టినవాడూ, ప్రతిసారీ నోరెత్తకుండా టీ దగ్గరికి తిరిగి నడిచినవాడూ ఇంకొకడు లేడు. అందుకే నీ మాటకు ఇక్కడ విలువ ఎక్కువ.

ముసాయిదా ఈ ఉత్తరంతో జతపరిచాను, ఒకే పేజీ. మాటలు ఎక్కువనిపించిన చోట కొట్టెయ్యి. పదో హోల్ విషయం తేల్చి, వచ్చే నెల మీటింగు లోపల నాకు అందేలా పంపు.

ఇట్లు,
నీ బావమరిది